కారణం: నమోదు లేదు

ఊరి పేరు ఆగెదా.
పోర్చుగల్‌లో, నది పొంగిన ఏడాదల్లా
అంగళ్ల గోడల మీద ఓ కొత్త నీటిగీత మిగిలే ఊరు.
మన పాత పద్యాలు విన్న చెవికి
ఆ పేరు "ఆగుదువా?" అని అడిగినట్టుంటుంది.
అక్కడివాళ్లకు అలా వినపడదు.

అక్కడ కుళాయిలు చేస్తారు.
ఇత్తడి కరిగించి, పోతపోసి, గరుకంతా రాచి,
ఎవరివో తెలియని వంటిళ్లకు పంపుతారు.
మెరుగుపెట్టే గదిలో నలభై ఏళ్లుగా అర్మిందు.
కుడిచేతికి మూడు వేళ్లు.
మిగతా రెండూ పద్దెనిమిదో ఏట
కోతమర తీసుకుంది.
కేక వేశాడు. మరకు చెవులెక్కడివి?
ఫోర్‌మన్ పరుగున వచ్చి మీట దించేదాకా
తన పని తాను చేసుకుపోయింది.

మొన్న మార్చిలో వచ్చిందీ కొత్త చెయ్యి.
బూడిద రంగు, ఆరు కీళ్లు,
కంచె లేదు, పంజరం లేదు,
అర్మిందు అన్నం డబ్బా పెట్టుకునే బల్లకే
నాలుగు బోల్టులతో బిగించారు.
పోర్తు నుంచి వచ్చిన ఇంజినీరు ఫిలిపా అంది:
"పట్టుకుని నడిపించండి.
మీరెలా తిప్పితే అలా గుర్తుపెట్టుకుంటుంది.
ముట్టుకుంటే ఆగిపోతుంది, భయం లేదు."

బియ్యంలో ఓనమాలు దిద్దించే మేనమామలా
దాని మణికట్టు పట్టుకున్నాడు అర్మిందు.
తిరిగే పట్టీకి కుళాయి ఆనించాడు, లాగాడు,
మెడ వంపు దగ్గర
అందరికంటే ఓ రవ్వ ముందే తిప్పాడు.
లేని వేళ్ల బరువు
ఉన్నవాటి మీద పడకుండా
ఏళ్ల తరబడి చెయ్యి వెతుక్కున్న దారి అది.
అదీ నేర్చుకుంది యంత్రం,
అసలు వేళ్లే లేనిది.

ఆ మెలికను తెర మీద చూసి
సాపు చేద్దామనుకుంది ఫిలిపా.
పది కుళాయిలు వెలుతురులో తిప్పి తిప్పి చూసి
ఫైలు మూసేసింది.

జూన్ నివేదిక:
రోజుకు పదకొండుసార్లు ఆగుతోంది.
కారణం అన్న గడి ఖాళీ.
మేనేజరు దిగివచ్చాడు.
"నేనేనండీ," అన్నాడు అర్మిందు.
"ముట్టుకుంటే ఆగుతుందన్నారుగా."
"ఆగుతోందిగా?"
"ఆగుతోంది."
"మరి రోజూ ఎందుకు?"
టోపీ తీసి, దుమ్ము దులిపి, మళ్లీ పెట్టుకున్నాడు.
"నిన్న ఆగింది సార్.
ఇవాళ్టి సంగతి ఇవాళ కదా తెలిసేది."

ఆగిన ప్రతిసారీ నాలుగు సెకన్లు.
నెలకు పదహారు నిమిషాలు.
వాటిలో ఎన్ని కుళాయిలో
మేనేజరు అక్కడే మనసులో కట్టాడు,
పైకి చదవలేదు.

అక్టోబరులో కేకు కోశారు,
పెట్టెలో పెట్టి ఓ కుళాయి ఇచ్చారు.
"మంచిదే, ఇంట్లోది కారుతోంది," అన్నాడు.
అందరూ నవ్వారు. నిజంగానే కారుతోంది.

నవంబరు నివేదిక:
రోజుకు పద్నాలుగు.
సర్వీసువాళ్లొచ్చి కీళ్లన్నీ విప్పి చూశారు.
లోపం లేదన్నారు, బిల్లిచ్చి వెళ్లారు.

ప్యాకింగు గ్రసియెత
బండి తోసుకుపోతూ మోచేత్తో ఓసారి.
రాత్రి తుడవడానికొచ్చే నీల్జా, చీపురు కర్రతో.
ఆవిడ తమ్ముడు పడవల రేవులో పనిచేసేవాడు,
అంతకంటే చెప్పదు.
టెల్మూ అనే కుర్రాడు, చేరి మూడు వారాలు,
జ్వరం చూసినట్టు చేతివెనుకతో.
అర్మిందుని వాడు ఫోటోలో కూడా చూడలేదు.

ఆగుతుంది.
ఆ నాలుగు సెకన్లూ
రేకుల మీద వాన వినిపిస్తుంది.
తరవాత మళ్లీ కదిలి
మెడ వంపు దగ్గర ఓ రవ్వ ముందే తిరుగుతుంది.

యంత్రానికి అందని చిన్న సైజులు
పక్కనే చేత్తో రాస్తాడు టెల్మూ.
ఎవరూ చెప్పలేదు,
వంపు దగ్గర వాడి మణికట్టూ ముందే తిరుగుతోంది,
ఐదు వేళ్లూ ఉండగానే.