ఏడో ప్రశ్న

అక్రా నుంచి ఒక కాగితం వచ్చింది.
ఇరవై రెండు ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు గళ్లు.
పేరు రాయనక్కర్లేదట.
బోల్గటాంగాలో ఈ కాన్పుల వార్డులో
పద్నాలుగేళ్లుగా రాత్రులు గడిపినదాన్ని నేనొక్కదాన్నే.
పేరు రాయకపోతే మాత్రం
అయింపోక అని తెలీకుండా పోతుందా!

ఆరింటికి గబగబా టిక్కులు పెట్టేశాను.
జీతం: రెండో గడి.
చేతి తొడుగులు: ఒకటో గడి. సున్నా ఉంటే అదే పెట్టేదాన్ని.
ఏడో దగ్గర పెన్ను ఆగింది.
"మీ పై అధికారి తీరు వల్ల
ఉద్యోగంలో మీకు తృప్తి కలుగుతోందా?"

ఏ పై అధికారి?

మేట్రన్ లమిసి చెప్పుల చప్పుడు
వరండా మలుపు తిరగ్గానే
మా వెన్నులు వాటంతటవే నిటారయ్యేవి.
ఎర్రసిరాతో రాసేది డ్యూటీల పట్టిక.
ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ఈ ఊళ్లో లేరు.
మా అమ్మ పోయిందని సెలవడిగితే
ఎలా పోయింది అనలేదు, అయ్యో అనలేదు.
"నాలుగు రోజులు" అంది, తలెత్తకుండా.
దారంతా తిట్టుకుంటూనే ఊరెళ్లాను.
తిరిగొచ్చి పట్టిక చూస్తే
నా నాలుగు రాత్రుల గళ్లలోనూ
ఎర్రసిరాతో ఆవిడ పేరే.

తర్వాత అకోల్గో గారు.
వచ్చిన రోజే "మనమంతా ఒక కుటుంబం" అన్నారు.
మా అందరి పుట్టినరోజులూ ఆయనకి కంఠతా వచ్చు.
కేకు కోసిన సాయంత్రమే
పగిలిన ఆక్సిజన్ గొట్టం సంగతి ఎత్తాను.
"తప్పకుండా, తల్లీ" అన్నారు.
మాట కోటలు దాటేది,
ఫైలు ఆయన గది గడప దాటేది కాదు.
మూడు శీతకాలాలు ఎడారి గాలి వీచింది,
మంచాల మీదా, మందుసీసాల మీదా,
ఆ "తప్పకుండా" మీదా
ఎర్రటి దుమ్ము పేరుకుంది.
విసిగిపోయి అవినె కుమాసీ వెళ్లిపోతుంటే
వీడ్కోలు సభలో ఆయన వెక్కివెక్కి ఏడ్చారు.
దొంగ ఏడుపు కాదు, దగ్గర్నుంచి చూశాను.
ఆ కన్నీళ్లు ఏ గడిలో పెట్టమంటారు?

ఇప్పుడున్నది అసిబి.
నాకంటే తొమ్మిదేళ్లు చిన్న.
లెక్కలు రావు. పట్టిక వేసిందంటే
ఎవరో ఒకరికి వరసగా రెండు రాత్రులు పడాల్సిందే.
ఆ ఒకరు తరచూ నేనే.
పోయిన నెల ఈ విషయంలోనే
వేపచెట్టు కింద అందరి ముందూ కేకలేశాను.
"నిజమే అక్కా" అంది.
తర్వాతి వారం మళ్లీ అదే తప్పు.

కానీ ఆ గురువారం, కరెంటు పోయింది.
జనరేటర్లో డీజిల్ లేదు.
కవలలు. మొదటి పిల్ల ఏడ్చింది,
రెండోవాడు కాళ్లతో వస్తున్నాడు.
అసిబి పరిగెత్తుకొచ్చింది, సగం అల్లిన జడతో.
"నన్నేం చెయ్యమంటావు?" అంది.
ఒక అధికారి నోట ఆ ప్రశ్న
పద్నాలుగేళ్లలో నేను వినలేదు.
"లైటు పట్టుకో" అన్నాను.
నలభై నిమిషాలు పట్టుకుంది.
చెయ్యి వణికితే ఇంకో చేతికి మార్చుకుంది,
వెలుగు మాత్రం నా వేళ్ల మీద నుంచి కదల్లేదు.

వాడు దక్కలేదు.

తెల్లారి విచారణకి పెద్దలు వచ్చారు.
తప్పు ఎవరిదన్న చోట
వాళ్లు నా పేరు రాస్తారనే అనుకున్నాను, అలవాటు ప్రకారం.
అసిబి కాగితం తన వైపు లాక్కుని
వంకర అక్షరాలతో రాసింది:
"డీజిల్ చూసుకోవాల్సింది నేను."
ఆ రాత్రి ఇంటికెళ్లి అన్నం తిన్నాను.
విచారణ జరిగిన రోజున
నాకు ముద్ద దిగడం అదే మొదటిసారి.

ఇది తృప్తేనా? నాకు తెలీదు.
మూడో గడా, నాలుగా?
లమిసి ఎర్రసిరా, ఈ పిల్ల చేతిలో వెలుగూ
ఒకే మనిషిలో దొరికితే
ఐదు పెట్టేదాన్నేమో.
అలాంటి మనిషికి పైనుంచి డీజిల్ పంపేదెవరో
ఇరవై రెండు ప్రశ్నల్లో ఎక్కడా లేదు.

ఇదుగో, గేటు దగ్గర మోటారు బండి ఆగింది.
తొలిచూలు, నొప్పులు దగ్గరపడుతున్నాయి.
నమోదు చేసే కాగితాలు మంగళవారమే అయిపోయాయి.
మీ ప్రశ్నలు తిరగేసి
ఖాళీ వైపు గీతలు గీస్తున్నాను.
ఉదయం ఇదే పంపిస్తాను, ఏమీ అనుకోకండి.

రాత్రి రెండుంపావు. తల్లి నాడి తొంభై.
బిడ్డ గుండె నూట ముప్పై ఎనిమిది.
లైటు వెలుగుతోంది.