అరవై ఒక్క రోజుల్లో మూడు

విశాఖకొచ్చిన పెద్ద ఓడని బావ ఫోన్లో సూపించాడు.
పదకొండంతస్తులంట, లోపల ఈత కొలనంట.
"సముద్రం మీద కొలనేటి, ఎర్రి కాపోతే" అన్నాను.
టిక్కెట్టు ధర సూసి ఇద్దరం నవ్వీసినాం.
ఈరావల్లో బావకి ఆర్నెల్ల జీతం అది.

వేట ఆపీసిన కాలం. కళింగపట్నం ఒడ్డున
పడవలన్నీ ఎండలో ఒళ్ళారబెట్టుకుని పడున్నాయి.
సేపలు గుడ్లెట్టీ రోజులని
ఆటికి అరవై ఒక్క రోజులు సెలవిచ్చినారు.
"ఆటికిచ్చినోళ్ళు మనకియ్యరేటి పున్నీ?" అని
బవిరీడు బావ మామ ఫైబరు తెప్ప అడిగి తెచ్చినాడు.
వలలు దించీసి బొంత పరిసినాం,
డీజిలు రెండు డబ్బాలు, నీళ్ళు నాలుగు.
"ఆడది పడవెక్కితే గంగమ్మతల్లి ఊరుకోదే" అంటానే
అత్త నా కొంగున పసుపు కొమ్ము కట్టింది.

వంశధార మొగ దాటీకాడ
నది ఒకేపు తోస్తాది, సముద్రం ఒకేపు.
మూడో కెరటం మా మీద నిలబడి సూసింది.
అప్పుడు తెలిసింది అసలు సంగతి:
ఏడేళ్ళు గుజరాత్ బోట్ల మీద తిరిగిన మా బావ
సిన్న పడవలో డోకుతాడు.
మెళ్ళో కొత్త గొలుసు ఏలాడతంటే, మూడుసార్లు.
సుక్కాని నా సేతికొచ్చింది. ఎవలూ ఇవ్వనేదు,
వదిలీసినాడంతే.
సంతకి తట్ట మోసిన మెడ నాది,
ఊగీదాన్ని సూసి బెదరదు.

భావనపాడు దగ్గర మెరైన్ పోలీసు ఆపినాడు.
బొంత ఎత్తి సూసినాడు, డబ్బా మూత తీసి వాసన సూసినాడు.
"వలేదిరా?"
"నేద్సార్."
"మరేటి పడతన్నారు?"
బావకి మాట నేదు, మొకం పచ్చబడిపోనాది.
నా గాజులు, పారాణి సూసి
ఆ సారుకే సిగ్గేసింది.
"తొందరగా ఇంటికెల్లండమ్మా" అన్నాడు.
మేం ఉత్తరానికి తిప్పినాం.

తేలినీలాపురంలో దేశాలు దాటొచ్చిన పిట్టల్ని సూపిస్తానని
ఎండలో నడిపించినాడు.
పిట్టలెల్లిపోయి నెలైంది.
సెట్ల నిండా ఖాళీ గూళ్ళు, కింద తెల్లగా రెట్ట,
ముగ్గేసి ఎవలో ఊరెల్లిపోనట్టు.
నాకదే నచ్చింది. బావకి సెప్పనేదు,
ఆ మొకం అలా దిగులుగా ఉంటే బాగుంది.

రెండో రేత్రి ఉద్దానం ఒడ్డున దిగినాం.
జీడితోటల్లోంచి ముగ్గిన పనస వాసన.
ఎన్నెల్లో ఎవలో కంబళి కప్పుకుని కూకుని తింటన్నారు.
"ఎవలమ్మా" అనబోయినాను,
బావ నా నోరు మూసీసినాడు. ఎలుగుబంటి.
మమ్మల్ని సూసింది. తొనొకటి నోట్లో ఎట్టుకుంది. మళ్ళీ సూసింది,
కొత్తకోడల్ని పెద్దాడపడుసు సూసినట్టు.
ఎనక్కెనక్కి అడుగులేసి మొగలి ముళ్ళల్లో పడ్డాం,
పెళ్ళిసీర పర్రుమంది.

తెల్లారి ఒక అవ్వ ఆ సిరుగుకి కుట్లేసి
పళ్ళెం నిండా తొనలెట్టింది.
సెంబు అందుకోబోతే సెయ్యట్టుకుంది.
"మా నీళ్ళు తాగకమ్మా. మీయి మీకున్నాయి కదా."
గోడ మీద మూడు ఫొటోలు, మూడిటికీ దండలు.
ఒక్కలూ ముసిలోళ్ళు కారు.
మా డబ్బా ఒకటి ఆ అరుగు మీదే వదిలీసినాం.
పడవదాకా ఇద్దరం మాటాడుకోనేదు.

బారువకాడ నీళ్ళ అడుగున ఓడుందంట,
తాతల నాడు మునిగింది.
ఇంజినాపి బావ నీట్లో సెయ్యెట్టినాడు,
సుట్టాన్ని పలకరించినట్టు.
"అందులో కొలనుండీదేటి?" అన్నాను.
"ఇప్పుడంతా కొలనే" అన్నాడు.

నవ్వాగినాక అడిగినాను:
"వేట మొదలైతే మళ్ళీ ఈరావలేనా?"
ఇంజినుకి తాడు సుట్టినాడు.
లాగనేదు.

మూడు పోనాయి, ఇంకా సెలవుంది సేపలకి.
పడవ అడుగున ఏదో మెత్తగా తగిలి
పక్కకి తప్పుకుని ఎల్లిపోనాది.
పట్టీ పని నేనోళ్ళం, అదేటో వంగి సూడనేదు.
"కాసేపు తొంగో బావా" అన్నాను.
సుక్కాని నా కాడే ఉంది.