ముప్పై సెకన్లు

భీమిలి దారిలో బండి ఆపి
ఎర్రమట్టి దిబ్బల్లోకి దిగాం.
చీకట్లో ఎరుపేదీ లేదు,
చెప్పుల్లో చేరిన ఇసక మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.

"కదలకురా" అన్నాను, షట్టర్ నొక్కి.
"ఊపిరి కూడా ఆపీమంటావేటి?" అన్నాడు దాలినాయుడు,
అంటూనే వంగిపోయి దగ్గాడు.
పోర్టులో బొగ్గు దింపిన పన్నెండేళ్ల దగ్గు.

దూరంగా, రేవులో చోటు దొరకని ఓడలు
దీపాలేసుకుని కాచుక్కూచున్నాయి.

తెర మీద చూశాం.
కంటికి అందని ఎరుపంతా అక్కడుంది,
జీడితోపు ఉంది, విశాఖ వైపు ఆకాశం పసుపుగా ఉంది,
వాడి ఛాతీ ఉండాల్సిన చోట
రెండు చుక్కలున్నాయి.

"బాగానే వచ్చాన్రా" అని నవ్వాడు.

నేను ట్రైపాడ్ కాళ్లు మడిచాను.
ఇంకో ముప్పై సెకన్లు అడగడానికి
నోరు రాలేదు.