సుద్దగీత

నోటీసు పదకొండు పంక్తులు.
కుడిపూడి సూర్యావతి దాన్ని బొడ్లో దోపుకుని
ముమ్మిడివరం అంతా మూడు రోజులు తిరిగింది.
మందుల షాపు కుర్రాడు చదివి
"ఏదో కట్టాలంట" అన్నాడు.
రిటైరైన మేష్టారు కళ్ళజోడు తుడుచుకుని చదివి
"ఏదో కూల్చాలంట" అన్నారు.
మూడో రోజు సచివాలయంలో నా బల్ల మీద పెట్టింది,
చెమటకి మెత్తబడి, మడతల దగ్గర చిరిగిన కాయితం.
"మీరు రాసిందేనంట. ఆయ్, మీరే చదవండి."

నేనే రాశాను. అంటే,
పైనుంచి వచ్చిన నమూనాలో ఖాళీ చోట
ఆవిడ పేరు పూరించాను.
నివాస మండలమునందు అననుమత వినియోగము,
పార్శ్వ విరామస్థల ఆక్రమణ,
ఉపనిబంధన నాలుగు, ఖండిక ఇ...
చదువుతుంటే నా నోట్లోనే
కొబ్బరి పీచు నమిలినట్టుంది.

ఇంతకీ ఆవిడ చేసింది,
ఇంటి పక్కన తాడు పేనే మిషను పెట్టడం,
గోడకీ గోడకీ మధ్య డొక్కలు పోయడం.
"పార్శ్వ విరామస్థలం అంటే?" అంది.
అంటే, అని ఆగిపోయాను.
ఆరేళ్ళ ఉద్యోగంలో
ఆ మాటని "అంటే?" అని ఎవరూ అడగలేదు.
నన్ను నేనూ అడుక్కోలేదు.

సుద్దముక్క పట్టుకుని వాళ్ళ వీధికి వెళ్ళాను.

"మీ చేను పక్కన రొయ్యల చెరువు తవ్వితే
ఉప్పు ఎక్కడ తేలుద్ది?"
"ఇంకెక్కడ, మా చేలోనే.
కౌలుకి చేసినప్పుడు చూశాం కదా,
రెండేళ్ళు వరి ఎర్రబడి చచ్చింది."
"మరి మధ్యలో గట్టు ఎంత ఉండాలి?"
ఆవిడ రెండు చేతులూ చాచి చూపించింది,
ఏ పుస్తకమూ తిరగెయ్యకుండా.

జోను అంటే అదే సూర్యావతిగారూ.
ఎవరి ఉప్పు వాళ్ళ చెరువులో ఉండటం.
మీ మిషను మోత పక్కింటి బాలింతకి ఉప్పు.
ఈ మూడడుగుల నేలా మీదే,
కానీ ఇక్కడ గాలి నడవాలి,
పీచు అంటుకుంటే ఫైరింజను మనిషి
గొట్టం పట్టుకుని పరిగెత్తాలి.
వంగి గీత గీశాను.
తెల్లగా, కొంచెం వంకరగా.

వీధి చుట్టూ మూగింది.
ఇంట్లో జాకెట్లు కుట్టుకోవచ్చా?
కుట్టుకోండి.
బోర్డు?
పెట్టుకోండి, తలుపంత కాదు.
పిండిమర?
అది మెయిన్ రోడ్డుకి పోవాలి.
మేడ మీద మేడ?
మీ వీధి వెడల్పు ముందు అడుగులేసి చూడండి.
ఒక్కొక్కటీ వాళ్ళన్న మాటల్లోనే
రూళ్ళ పుస్తకంలో రాసుకున్నాను.
ఖండికలు లేవు. ఇ లేదు.

అప్పుడు వెనకనుంచి
సైకిల్ దిగకుండానే, పాల డబ్బాల మీద చెయ్యేసి,
పొలమూరి అప్పారావు అడిగాడు:
"కాలవ గట్టు మీద ఫంక్షన్ హాలుంది కదండీ.
దాని మూడడుగులు ఎక్కడండీ?"

సుద్ద నా చేతిలోనే ఉంది.
అందరం అటు చూశాం.
ఆ హాలు మెట్లు నీళ్ళలోకి దిగుతాయి.
గీత గీయాలంటే
నీటి మీదే గీయాలి.

సాయంత్రం పెద్దసారు పిలిచారు.
పుస్తకం అటూ ఇటూ తిప్పి, మూసి, అన్నారు:
"అర్థమయ్యేలా చెప్పమన్నాం గానీ,
మరీ ఇంత అర్థమయ్యేలా కాదమ్మా."

రాత్రి వాన పడింది,
చూరు కింద బిందెలు పొంగేంత వాన.
సుద్ద ఎక్కడ నిలుస్తుంది అనుకుంటూ
పొద్దున్నే అటే వెళ్ళాను.
గీత లేదు.
గీత ఉన్న చోట
బోర్లించిన కొబ్బరి చిప్పలు, వరసగా.
డొక్కల పోగు వాటికి ఇవతలే ఉంది.
లెక్కపెట్టుకుంటూ నడిచాను.
వరస ఆవిడ ఇంటి దగ్గర ఆగలేదు,
పక్కింటి దగ్గరా ఆగలేదు.
మలుపు తిరిగి
కాలవ వైపు పోతోంది.