మూడు చుక్కలు

అరబ్బీల 'ప' లేదు.
అందుకే ఫుజైరాల పంతొమ్మిదేండ్ల సంది
నేను బోశెట్టినే.
క్యాంపుల బోశెట్టి, హాజరుపట్టీల బోశెట్టి,
జీతం చీటీ మీద కూడ బోశెట్టి.
ముసబ్బహ్ సారు ఒక్కడే
'బా' కింద ఉన్న ఒక్క చుక్కకు
ఇంకో రెండు కలిపిండు.
"ఇది ఫార్సోళ్ల అక్షరం, అప్పు తెచ్చిన" అన్నడు.
పెన్నుకు మూత పెట్టి, నోరు తిప్పి తిప్పి
"పో... పోశెట్టి" అన్నడు.
నా పేరు నాకే
పోస్టుల వచ్చినట్టయింది.

ఫెడరల్ దర్యాప్తు ఆఫీసు, రెండో అంతస్తు.
నేను గావా పోసేటోణ్ని.
కిటికీల నుంచి చూస్తే లంగరేసిన ఓడలు,
నెలల తరబడి ఎటూ పోని ఓడలు,
రాత్రయితే లైట్లు పెట్టుకొని
నీళ్ల మీద ఇంకో ఊరు లెక్క.
తర్వాత తర్వాత తెలుగోళ్ల కేసులొస్తే
దల్లా పక్కకు పెట్టి
దుబాసీగ కూసునేటోణ్ని.

దిబ్బాల చేపలోళ్ల కొడుకు ఆయన.
"మా నాయిన వల కుట్టేటోడు,
నేను ఫైలు కుడుతున్న" అనేటోడు.
నవ్వితె ఎడమదిక్కు పన్ను లేదు.
మసాఫీ ఘాట్ల దొంగ డీజిల్ ట్యాంకరుకు
అడ్డం పోయిన రాత్రి ఊడింది.
మెడల్ ఇచ్చిన్రు.
పన్ను కట్టించుకోలె.

ఒకసారి కంకర క్వారీ క్యాంపు.
నలభై మూడు పాస్‌పోర్టులు
బియ్యం డబ్బాల దొరికినయి, అడుక్కు.
"భద్రంగ దాచిన సార్" అన్నడు మేనేజరు.
సారు గొంతు లేపలె.
ఒక్కొక్కటి తీసి, తవుడు ఊది,
ఫోటో చూసి, మనిషిని చూసి,
పేరు పలికి, చేతుల పెట్టిండు.
రాత్రి రెండు దాటింది.
సిరిసిల్ల నర్సింలు తన పాస్‌పోర్టును వాసన జూసి
"పురుగైతే పట్టలె" అన్నడు.
దాన్ని అరబ్బీల ఎట్ల చెప్పాల్నో నాకు రాలె.
సారు అడగలె.

పేర్లంటే ఎందుకింత పట్టింపో
ఒక్కసారే చెప్పిండు.
కొలువుల కొత్తగ చేరిన ఏడు,
ఒకే పరంజ మీదికెల్లి ఇద్దరు పడ్డరు.
ఒకరు పాపయ్య. ఒకరు బాబయ్య.
కాగితం మీద ఇద్దరూ బాబయ్యలే.
"సంతకం నాది" అన్నడు.
పాపయ్య పెట్టె పోయి బాబయ్య ఇంట్ల దిగింది.
మూత తీసేదాక
ఎవలకూ తెల్వలె.
ఆ కాగితం నకలు ఆయన సొరుగుల ఉండేది,
తస్‌బీ పక్కన.
రిటైరైన దినం అన్నీ అప్పజెప్పిండు,
అదొక్కటి మడిచి జేబుల పెట్టుకున్నడు.

మంచోడంటే మొత్తం మంచోడు అనను.
వీసా లేనోళ్లను పట్టుకున్నడు, ఎల్లగొట్టిండు.
మా కోరుట్ల భూమేశు కాళ్ల మీద పడితే
కాళ్లు ఎనకకు గుంజుకొని
"చట్టం" అన్నడు, అంతే.
అదొక్క మాట నేను తెలుగుల చెప్పకముందే
భూమేశుకు సమజయింది.
ఆ రాత్రి సారు గావా అడగలె.
నేనూ పోయలె.

నిన్న పోయిండు. తెల్లారుగట్ల నమాజుకు
లేస్తూ లేస్తూనే.
ఇక్కడ సమాధులకు పేర్లుండయి.
తల దిక్కు ఒక రాయి, కొండల నుంచి తెచ్చింది.
అందరికీ అదే రాయి.
ఇంతమంది పేర్లు చక్కదిద్దిన మనిషి!
మతం వేరేటోణ్ని, గోడ ఇవతలనే నిలబడ్డ,
చెప్పులు విడిచి, కాళ్లు కాలుతుంటే
ఒకటి మార్చి ఒకటి.
గోడ మీద ఇసుక పొర.
వేలితోని రాసుకుంట పోయిన,
మీమ్, సాద్...
ఆయన నేర్పిన అక్షరాలే.
'బా' కాడ వేలు ఆగింది.
అలవాటు కొద్దీ మూడు పెట్టబోయిన.
కాదు. ఈయన పేరుకు ఒక్కటే.
ఒక్క చుక్కే పెట్టిన, సరిగ్గ కిందనే.

వ్యాను డ్రైవరు హారన్ కొట్టిండు.
రెండింటికి డ్యూటీ.