బిగించక ముందు అయిదు నిమిషాలు

చిత్తూరు బెల్లం మండీలో తూకాలు రాసే పని నాది.
నిరుడు కార్తీకం నుంచీ
నా ఏడు ఒకటి మాదిరి పడతా ఉంది,
మూడు ఎనిమిదై కూర్చుంటా ఉంది.
"చేతులు వణికేదేంది, చెంగల్రాయన్నా?" అని
షావుకారు చీటీని వెలుతురుకి పట్టి అడిగినాడు.
మూటలు కుట్టే మునిలక్ష్మి
నా నోటి వాసన కోసం కొంచెం ముందుకి వంగింది.
నేను తాగను.
యాభై ఎనిమిది నిండినాయి, అంతే అనుకున్నా.

పొద్దున్నే తవణంపల్లె నుంచి బండి మీద వచ్చేది.
తొంభై రెండు మోడలు, టూ స్ట్రోకు.
మండీలో దిగినాక పావుగంట
వేళ్ళల్లో చీమలు నడిచేవి.
కలం పట్టుకుంటే, కలం ఉందని
కళ్ళతో చూసుకోవాల్సి వచ్చేది.

గిరింపేట ఏకాంబరం మాటల్లో సగం అరవం.
బండిని స్టాండేసి
ఒక చెయ్యి ట్యాంకు మీద, ఇంకో చెయ్యి ఇంజను మీద
బిడ్డకి జరం చూసేటట్టు పెట్టినాడు.
స్క్రూడ్రైవరు సందులో దూర్చి ఎత్తితే
ఇంజను ఎగిరి కూర్చుంది.
"వణికేది నువ్వు కాదు సామీ, ఇది.
నాలుగు బుష్‌లూ పొయినాయి."

బోల్టు రాలేదు. ముప్పై ఏండ్ల తుప్పు.
డీజిలు పోసి, రాత్రంతా నానబెట్టి,
ఇంజను కింద బెల్లం పెట్టె చెక్క,
చెక్క మీద మడిచిన గోనెపట్ట.
"ఒక్కోటే తియ్యాల. అన్నీ ఒక్కసారి పీకితే
మోసేదెవరు?"

వైసులో పెట్టి వొత్తితే వచ్చినదాన్ని
రబ్బరని చెప్పాలంటే సిగ్గు.
ఒక పక్క రాయి, ఒక పక్క పాత చింతపండు.
నడిమి గొట్టం ఒరిగిపొయ్యి
ఇనుము ఇనుముని తాకిన చోట
గోరంత మెరుపు.
ఇన్నాళ్ళూ నా మణికట్టులో దిగతా ఉండింది ఆ మెరుపే.

వేలూరులో పాత సామాన్ల అంగట్లో
సీలు తియ్యని పొట్లం దొరికింది. కంపెనీదే, ఎర్ర అక్షరాలు.
పందెం గెలిచినోడి మాదిరి తెచ్చి ఇస్తే
ఏకాంబరం విప్పి, గోటితో గిచ్చి చూసినాడు.
గోరు దిగలేదు.
"పని చేసి ముసలిదయ్యేది ఒకటి,
పెట్టెలో కూచుని ముసలిదయ్యేది ఇంగొకటి.
రెండూ గట్టిపడేదే."

కొత్తవి రాణిపేటలో పోయించుకొచ్చినాడు.
సబ్బునీళ్ళు పూసి, వైసు పిడి కొంచెం కొంచెంగా తిప్పితే
మూతి ముడుచుకుని లోపలికి పొయినాయి.
నట్లు చేత్తో తిప్పి వదిలి,
ఇంజను స్టార్టు చేసి, పక్కకొచ్చి నిలబడినాడు.
"అయిదు నిమిషాలు. వాటి చోటు అవి చూసుకోనీ.
తర్వాత బిగిద్దాం."
ఆ అయిదు నిమిషాలూ టీ తాగినాము.
ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు.

ఇంటికి పొయ్యేటప్పుడు మొదట భయమేసింది,
ఇంజను ఆగిపొయ్యిందేమో అని.
తర్వాత ఒక్కోటే వినబడినాయి
ఆ వణుకు కింద దాక్కున్నవన్నీ:
చైను కవరు గొణుగుడు, నంబరు ప్లేటు స్క్రూ,
క్యారియరులో మా ఆవిడ వేసిన స్పూను.
కుడి అద్దం, ఎప్పుడు చూసినా
ఎసట్లో నీళ్ళ మాదిరి ఉండేది,
అందులో ఒక లారీ, లారీ లాగే వచ్చింది.
తోతాపురి కాయల లోడు.
టార్పాలిన్ మీద ఒక పిల్లోడు.
వాడు నన్ను చూడలేదు. కాయ కొరుకుతా ఉన్నాడు.
పులుపుకి వాడి కన్ను మూతపడింది కూడా
కనబడింది నాకు.

మరుసటి రోజు మండీలో
ఏడు ఏడు లాగే పడింది.
షావుకారు చీటీని వెలుతురుకి పట్టలేదు.
మూడు మాత్రం
ఇంకా కొంచెం ఎనిమిది వైపే చూస్తా ఉంది.
ఏకాంబరానికి ఈ సంగతి చెప్పలేదు.
గాలికి చీటీలు ఎగరకుండా
ఆ వేలూరు పొట్లాన్ని వాటి మీద పెట్టి,
ఇంకో మూడు రాసినా.