తొమ్మిది సూదుల నోరు

గోబీ అంచున వాతావరణ కేంద్రం.
సున్నాకి ముప్పై ఒకటి కింద.
ఉన్ని స్వెటర్ విప్పితే చిటపటమని నిప్పులు.
అందుకే సోల్మోన్ ముందు రేడియేటర్ గొట్టాన్ని ముట్టుకుంటుంది,
మడి కట్టుకున్నంత శ్రద్ధగా;
ఆ తర్వాతే మదర్‌బోర్డుని.

"కొత్తది కొనుక్కోవచ్చుగా" అన్నాడు
బొగ్గు దింపుతూ గన్‌జోరిగ్.
కొత్తవాటికి ఆ తొమ్మిది సూదుల నోరు లేదు.
డాబా మీద తిరిగే గాలి గిన్నెలకి
ఇంకో భాష రాదు.

ఫ్యాను రెక్కల కింద పిడికెడు ఎడారి,
ఒక ఒంటె వెంట్రుక.
పెళుసైన పేస్టుని స్పిరిటుతో తుడిచి
బియ్యపు గింజంత కొత్తది పెట్టింది,
దాని మీద కాస్త చురుకైన ప్రాసెసర్ మూత.
ర్యాము పలకలు రెండూ టక్కుమన్నాయి.

బయాస్ రాస్తోంది, ఆపవద్దు, అంది తెర.
అరవై మూడు శాతం దగ్గర
బల్బు మినుక్కుమంది.
సోల్మోన్‌కి ఏ దేవుడూ గుర్తు రాలేదు,
డీజిల్ జనరేటర్ తప్ప.

బటన్ సెల్లు ఎప్పుడో చచ్చింది కదా,
అది కళ్లు తెరిచింది
రెండువేల తొమ్మిది జనవరి ఒకటిన.
తేదీ దిద్దేలోపే ఒక గాలిని రాసేసుకుంది:
వాయవ్యం, సెకనుకి పద్నాలుగు మీటర్లు.

ఆ రోజు ఈ కుర్చీలో ఎవరున్నారో.
తప్పుడు నమోదు చెరిపేయాలని నిబంధన.
ఉప్పు టీ చల్లారేదాకా
చెరపలేదు.